కొలువెక్కిన కార్బొరేటర్

ఏకాంబరానికి రంగుల పిచ్చి పట్టిన సంగతి వాషర్‌మెన్‌పేటలోని వాళ్ళ వీధికి ముందుగా ముక్కు ద్వారా తెలిసింది. ఆదివారం పొద్దున ఎవరింట్లో ఏ తాలింపు వేసినా సరే, కాస్త పొద్దెక్కేసరికి దాన్ని తోసిరాజని థిన్నర్ వాసన వీధి చివరిదాకా పాకేది. "సెట్టిగారు మొదలుపెట్టేసినారు" అనుకుని జనం కిటికీలు మూసుకునేవాళ్ళు.

మనిషిని చూస్తే అలాంటివాడని ఎవరూ అనుకోరు. మింట్ వీధిలో ఒక పప్పుల హోల్‌సేల్ కొట్లో లెక్కలు చూస్తాడు. తెల్ల చొక్కా, నుదుట కుంకుమ బొట్టు, జేబులో రెండు పెన్నులు. యాభై దాటినా ఇంతవరకు ఎవరి మీదా గొంతు లేపి ఎరగడు, రంగు చొక్కా తొడిగి ఎరగడు. పెళ్ళికి కూడా గోధుమ రంగు సూటు వద్దని తెల్లబట్టలే వేసుకున్నాడని, ఫొటోలో పెళ్ళికొడుకెవరో పురోహితుడెవరో తెలియడం లేదని భార్య వాసవాంబ ఇప్పటికీ దెప్పుతుంది.

అంతా ఒక కాటా వల్ల వచ్చింది. కొట్టుకి పాత కాటా ఏదైనా దొరుకుతుందేమో చూసి రమ్మని ముదలాళి, అంటే కొట్టు యజమాని, పంపిస్తే, తొండియార్‌పేటలో రామసామి నడిపే కాయలాన్ కడకి వెళ్ళాడు. పాత ఇనుము కొనే కొట్టుని మద్రాసులో ఏ భాషవాళ్ళైనా కాయలాన్ కడ అనే అంటారు. అక్కడ కాటా దొరకలేదు. తుప్పుపట్టిన మోటారు సైకిలొకటి గోడకి ఆనుకుని, రేపో మాపో ముక్కలు కాబోతూ కనబడింది. ఏకాంబరానికి ఏమైందో ఏమో, దాన్ని కొనేసి, తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. తోసుకుంటూ ఎందుకంటే బండి నడవదు. నడిచినా ఇతనికి నడపడం రాదు.

"ఎందుకండీ ఇది?" అని వాసవాంబ గుమ్మంలోనే అడిగింది.

"చూస్తే పాపమనిపించింది" అన్నాడు.

పెళ్ళైన ఇన్నేళ్ళలో తన వంక చూసి ఈయనకి ఒక్కసారైనా పాపమనిపించిందా అని ఆవిడ ఆలోచించింది గానీ, పైకి అనలేదు. అప్పుడే అనేసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

మెకానిక్ మోసెస్ వచ్చి, మేడమెట్ల కింద బండిని ముక్కముక్కలుగా విప్పి, "సార్, ముందు ఇవన్నీ కడిగి పెట్టండి, ఆమీద బిగిస్తా" అన్నాడు. ఏకాంబరం కడిగాడు. కిరసనాయిల్లో ముంచి పాత పళ్ళబ్రష్షుతో రుద్దాడు. ఉప్పుకాగితంతో గీకాడు. తుప్పు కింద నుంచి తెల్లటి లోహం బయటపడేసరికి ఆయనకి ఒళ్ళు పులకరించింది. దాని మీద ప్రైమర్ కొట్టి, ఆరాక వెండిరంగు కొట్టి చూశాడు. జీవితమంతా లెక్కలు చూసినవాడు. కూడిక తప్పితే పదిమంది చూస్తారు, సరిగ్గా వస్తే ఒక్కడూ చూడడు. ఇక్కడ అలా కాదు. చేసిన పని చేసినట్టు ఎదురుగా నిలబడి మెరుస్తుంది. ఇంక ఆయన్ని ఆపడం ఎవరితరం?

అప్పట్నించి బాల్కనీలో బట్టలారేసే తీగ మీద చీరల మధ్య ఇంజను ముక్కలు వేలాడసాగాయి. వాసవాంబ పట్టుచీరకి ఎక్కడా లేని వెండి జరీ గీత ఒకటి అడ్డంగా వచ్చింది. ఆ గీత గురించి ఇంట్లో జరిగిన రభస ఇక్కడ రాయతగ్గది కాదు. డబ్బాలో మిగిలిన రంగుని పారెయ్యడానికి కోమటి ప్రాణం ఒప్పుకోదు కదా, ఆ మిగిలినదంతా కిటికీ ఊచలకి, గ్రైండరు స్టాండుకి, చివరికి తల్లి రత్నమాంబ చేతికర్రకి కూడా కొట్టేశాడు.

"ఎంత వేడైనా తట్టుకునే రంగే ఇది!" అని గొప్పగా చెప్పాడు.

"అత్తమ్మ చేతికర్రకి అంత వేడి ఎందుకు తగలతాదండీ?" అంది వాసవాంబ.

రత్నమాంబ మాత్రం కర్రని కొడుకు వెండితో చేయించాడనుకుని వీధంతా చూపించుకుని వచ్చింది. ఎనభై దాటిన మనిషి, కళ్ళలో శుక్లాలు. ఆవిడకి కనిపించినంతలో అది వెండే.

ఆ తర్వాత ఓవెన్ గొడవ. ఈ రంగు గట్టిపడాలంటే వేడిలో కాల్చాలట. వాసవాంబ నెయ్యి బిస్కెట్లు చేసుకునే ఓవెన్‌లో సిలిండర్ హెడ్ కాలుతుండగా ఆవిడ గుడి నుంచి తిరిగొచ్చింది. "డబ్బా మీద రాసుండాదే, ఓవెన్‌లో పెట్టమని!" అని ఏకాంబరం డబ్బా చూపించాడు. "డబ్బా మీద పెళ్ళాన్ని అడగమని రాసిలేదా?" అని ఆవిడ అడిగింది. లేదు, ఆ మాట మాత్రం ఏ డబ్బా మీదా రాయరు.

ఇంత చేసినా బండి ఎన్నేళ్ళైనా లేవలేదు. కారణం మోసెస్ కాదు. ఆరిన ముక్క మీద దుమ్ము రేణువొకటి కనబడితే చాలు, ఏకాంబరం మళ్ళీ గీకి మొదటికొచ్చేవాడు. వీధిలో సరుకు లారీలు తిరుగుతాయి, మనలి ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగితే ఆరేసిన పంచె మీద కూడా మసి పడుతుంది. ఆ వీధిలో దుమ్ము పడని రంగు కావాలంటే ఎలా? అయినా కిందా మీదా పడి ఇంజనంతా పూర్తిచేశాడు. మోసెస్ బిగించాడు. మిగిలింది ఒక్క కార్బొరేటర్.

నవరాత్రుల ముందు ఇల్లు దులుపుతూ వాసవాంబ మురుకుల డబ్బా తెరిచింది. లోపల రంగు వేసిన నట్లు, బోల్టులు. ఆవిడ డబ్బా పట్టుకుని వచ్చి భర్త ముందు నిలబడింది.

"ముసలోడికి దసరా పండగని ఊరికే అనలే పెద్దలు. వినండి. ఆయుధపూజ నాటికి ఆ బండి స్టార్ట్ అయ్యిందంటే, నేనే పసుపు కుంకుమ పెట్టి, దండేసి మొక్కుతా. కాలేదో, ఏ కాయలాన్ కడ నుంచి వచ్చిందో ఆ కాయలాన్ కడకే పోతాది. కన్యకాపరమేశ్వరి మీద ఒట్టు."

ఏకాంబరం బోల్టుల డబ్బాని దగ్గరికి లాక్కున్నాడు. ఆ తల్లి మీద ఒట్టేసి మాట తప్పిన ఆడది వాళ్ళ వంశంలో లేదు. బండి పోతే పోతుంది, ఇనుమే కదా అని సర్దిచెప్పుకోబోయాడు. సర్దుకోలేదు. రామసామి సుత్తి పెట్టి తన సిలిండర్ హెడ్‌ని పగలగొడుతున్నట్టు కలొచ్చి ఉలిక్కిపడి లేచాడు.

సరిగ్గా అమావాస్య నాటికి కార్బొరేటర్‌కి చివరి కోటు వేశాడు. ఒళ్ళంతా బంగారు రంగు, పైమూతకి ఎరుపు, కింది గిన్నెకి వెండి. వేడి తట్టుకునే రంగులో బంగారు రంగు దొరక్క మామూలు ఎనామిల్ వేశాడు. పర్వాలేదు, ఆరాక ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడుతుంది. ఇప్పుడు కావలసిందల్లా దుమ్ములేని చోటు.

ఇంట్లో అలాంటి చోటు ఒక్కటే ఉంది. హాల్లో బొమ్మల కొలువు మెట్లు వేసి, తెల్ల పంచెలు పరిచి, దీపం ఆరిపోకుండా కిటికీలన్నీ మూసి ఉంచారు. బొమ్మలన్నీ అప్పటికే ఎక్కి కూర్చున్నాయి. నాలుగో మెట్టు మీద పప్పులు, బియ్యం రాసులు పోసుకుని బొజ్జలతో కూర్చున్న సెట్టియారు దంపతుల బొమ్మల పక్కన కాస్త ఖాళీ ఉంది. ఒక్క గంటే కదా అనుకుని ఏకాంబరం కార్బొరేటర్‌ని అక్కడ పెట్టాడు. అంతలో కొట్టు నుంచి ఫోను, కందిపప్పు లారీ వచ్చిందని. పరిగెత్తాడు.

వాసవాంబ వంటింట్లో నైవేద్యానికి సుండల్ గుగ్గిళ్ళ తాలింపులో ఉంది. రాహుకాలం ముంచుకొస్తోందని రత్నమాంబ తనే కలశం పెట్టి, కర్పూరం వెలిగించి, మెట్టుమెట్టుకీ హారతి ఇచ్చేసింది. నాలుగో మెట్టు దగ్గర కిరీటంతో, ఒక చెయ్యి పైకెత్తి, మెరిసిపోతూ ఎవరో కొత్తవాళ్ళు కనబడితే, ఆవిడ కుంకుమ కూడా చల్లింది.

ఏకాంబరం సాయంత్రం వచ్చి చూసి, చెయ్యి చాపాడు. వెండి రంగు చేతికర్ర అతని మణికట్టు మీద పడింది.

"ముట్టద్దురా!"

"అమ్మా, అది బొమ్మ కాదు. కార్బొరేటర్."

"ఎవరైతే ఏందిరా? కొలువెక్కినాడు, హారతి అయింది. దశమి నాడు కలశం కదిలిందాకా కదిలించేదానికి లే. నడి కొలువులో లేపితే ఇంటికి అరిష్టం."

వాసవాంబ గరిటె పట్టుకుని వచ్చి చూసింది. ఆవిడకి అరవాలని ఉంది. హారతి పళ్ళెంలో కర్పూరం ఇంకా పొగలు కక్కుతోంది కాబట్టి అరవలేదు. అత్తగారి శాస్త్రం తప్పని అనడానికి ఆవిడకి నోరు రాదు, ఎందుకంటే ఆ శాస్త్రం ఆవిడదీ.

ఏకాంబరం కుర్చీలో కూలబడ్డాడు. కార్బొరేటర్ దిగేది విజయదశమికి. ఒట్టు గడువు దానికి ముందురోజు ఆయుధపూజకి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తవ్వుకున్నవాడు తనే.

మోసెస్ దగ్గరికి పరిగెత్తి, ఇంకో కార్బొరేటర్ వెతకమని బతిమాలాడు.

"ఆ మోడల్‌కి దొరకదు సార్. దొరికినా మీరు దానికీ పెయింట్ కొడతారు. ఒకటి చెప్తా వినండి సార్, కార్బొరేటర్‌కి ఎవురూ పెయింట్ కొట్టరు. పెట్రోల్ పడిందంటే ఊడొచ్చేస్తాది."

"ఓవెన్‌లో పెడితే పట్టుకుంటాది."

"సామి మెట్టు మీద కదా సార్ పెట్టినారు?" అన్నాడు మోసెస్, జాలిగా. "నేను చర్చికి పోయేవాణ్ణి, మీ ఇంటి కొలువులో చెయ్యి పెట్టేదానికి నావల్ల కాదు."

మొదటి సాయంత్రం తాంబూలానికి ఆడవాళ్ళు వచ్చే వేళకి వాసవాంబ కార్బొరేటర్ ముందు ఇంత లావు మల్లెపూల దండ పెట్టి దాచింది. ఎదురింటి మంగళ కళ్ళకి దండలు అడ్డమా?

"ఇదేంది వాసవక్కా, కొత్త బొమ్మా? కాంచీపురంలో కొన్నావా?"

వాసవాంబ ముఖం ఎర్రబడింది. వంటింటి తలుపు వెనక సుండల్ గిన్నెతో నిలబడ్డ ఏకాంబరం ఒకడుగు వెనక్కి వేశాడు.

మంగళ వంగి చూస్తోంది. "అయ్యయ్యో, ఎంత నున్నగా ఉండాది! అద్దం మాదిరి మొఖం కనపడతా ఉంది. ఎవరక్కా రంగేసింది?"

వాసవాంబ దండని కాస్త పక్కకి జరిపింది. తర్వాత నెమ్మదిగా, "ఆయనే వేసినారు" అంది.

ఆ 'ఆయనే'లో కోపం లేదు. అలాగని గొప్పా లేదు. ఏదో తెలియని సరుకుని చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నట్టు ఉంది. ఏకాంబరం సుండల్ పొయ్యి మీద మళ్ళీ పెట్టేశాడు, అప్పటికే వేడిగా ఉన్నా.

కూతురు సింధూరి ఊరుకుంటుందా? "నాన్నా, సెమయా ఇరుక్కు! అదిరిపోయింది!" అని ఫొటో తీసి వీధి వాట్సాప్‌లో పెట్టేసింది. మర్నాటి నుంచి కార్బొరేటర్ దర్శనానికి జనం రావడం మొదలైంది. దశావతారాల్ని ఎవరూ చూడలేదు. అందరూ నాలుగో మెట్టు దగ్గరే. "బండికి ఊపిరి పోసే సామి" అని రత్నమాంబ పరిచయం చేసేది. ఒకావిడ చిన్న కొడుకు పరీక్షలు గట్టెక్కాలని దానికి దండం పెట్టుకుని వెళ్ళింది.

ఒకనాడు అన్నం వడ్డిస్తూ, ఎటో చూస్తూ, వాసవాంబ అడిగింది: "అదేంది, పెట్రోలు దాంట్లో ఏడికి పోతాది?"

ఏకాంబరం పెరుగన్నం వదిలేసి చెప్పాడు. పళ్ళెంలో ఊరగాయ ముక్కతో గిన్నె, మెతుకులతో దారి గీసి చూపించాడు. ఆవిడ పెరుగు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మర్నాటి సాయంత్రం మాత్రం పెరంబూరు నుంచి వచ్చిన బంధువులకి ఆవిడ గొంతే వినబడింది. "పెట్రోలు ఈడ వస్తాది, గాలి ఆడ నుంచి. రెండూ ఈడ కలుస్తాయి. ఈ మూత చూసినారా, దీనికి ఎన్నిసార్లు గీకి గీకి వేసినారో! ఓర్పు కావాల, అందరివల్లా అవతాదా?"

తలుపు వెనక ఏకాంబరానికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పొగడ్తలు పొగడ్తలే, ఒట్టు ఒట్టే. ఆయుధపూజ ముందురోజు ధైర్యం చేసి, "ఒక్క రోజు తేడానే కదా..." అని నసిగాడు. ఆవిడ తల వంచుకుంది. "అమ్మవారి మీద ఒట్టేసినాక నేనేం చేసేదండీ?" ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు కూడా బాగాలేదని ఆయన గమనించాడు. ఒట్టు వేసినామె కూడా ఆ ఒట్టులో ఇరుక్కుందని అప్పుడే తెలిసింది.

ఆయుధపూజ నాడు ఇంట్లో కత్తిపీట, కత్తెర, ఏకాంబరం బ్రష్షులు అన్నిటికీ గంధం కుంకుమ పెట్టారు. బండికి పెట్టలేదు. వాసవాంబ ముఖం గట్టిగా చేసుకుని కాయలాన్ కడకి ఫోను చేసింది. అవతల రామసామి కంగారు పడిపోయాడు.

"అమ్మా, ఇయ్యాల ఆయుధపూజమ్మా! కాటాకి పొద్దున్నే పూజ పెట్టేసినాం. దాన్నీ, సుత్తినీ ఇయ్యాల ముట్టేదానికి లే. తూకం లేకుండా ఎట్లా తీసుకునేది? రేపు విజయదశమి, మంచి రోజు. నా మూడు చక్రాల బండి తీసుకొని సాయంత్రం నేనే వస్తా. మీదే మొదటి బోణీ."

వాసవాంబ ఫోను పెట్టేసి, కన్యకాపరమేశ్వరి పటానికి చేతులు జోడించింది. "నేను పంపిస్తాననే అన్నాను తల్లీ. వాడే తీసుకోలా. వాడొచ్చి ఎత్తేదాకా గడువున్నట్టే" అని పైకి వినబడేలా చెప్పుకుంది. ఏకాంబరం ఏ కాటా కోసం వెళ్ళి ఈ ఊబిలో దిగాడో, ఆ జాతి కాటాయే ఆయన్ని ఒక రోజు కాపాడింది.

విజయదశమి సాయంత్రం మేడమెట్ల మీద ఒక పక్క మోసెస్ స్పానర్లతో, ఇంకో పక్క రామసామి మూడు చక్రాల బండితో కూర్చున్నారు. ఇద్దరి చేతుల్లోనూ సుండల్ దొన్నెలు. లోపల రత్నమాంబ మంగళహారతి పాడుతోంది. ఆవిడకి చరణాలన్నీ వచ్చు. ఏ ఒక్కటీ వదలదు. ఏకాంబరం కాలుగాలిన పిల్లిలా హాలుకీ మెట్లకీ తిరిగాడు.

చివరికి పాట అయింది. కొలువు ముగిసిందని గుర్తుగా ఒక బొమ్మని పడుకోబెట్టాలి. రత్నమాంబ తడుముకుంటూ నాలుగో మెట్టు దగ్గరికే వెళ్ళి, కార్బొరేటర్‌ని పక్కకి ఒరిగించి, "చాలా రోజులు కూచున్నావు, పడుకో నాయనా" అంది. కలశం కదిలించారు. వాసవాంబ ఆ బంగారు ముద్దని రెండు చేతులతో తీసి, తనే మెట్లు దిగి మోసెస్‌కి ఇచ్చింది.

"నిదానంగా బిగియ్యి. గీతలు పడేను."

మోసెస్ బిగించాడు. పెట్రోలు వదిలాడు. తన్నాడు. బండి దగ్గి ఊరుకుంది. మళ్ళీ తన్నాడు. వీధిలో జనం పోగయ్యారు. ఏకాంబరం తెల్ల చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. రామసామి తన తాడు విప్పుకుంటూ ఇంజను వంక చూసి, "ఎట్లా ఇచ్చినాను, ఎట్లా చేసినారు!" అని నిట్టూర్చాడు. మోసెస్ సిలువ గుర్తు వేసుకుని ఇంకొక్క తన్ను తన్నాడు.

డుగ్గుమంది. డుగ్ డుగ్ డుగ్ డుగ్ అని మెట్ల కింద గోడలు అదిరాయి. సింధూరి ఈల వేసింది. మంగళ చప్పట్లు కొట్టింది. ఏకాంబరానికి కళ్ళు మసకబారాయి. చచ్చి కాయలాన్ కడలో పడున్నది తన చేతుల మీద లేచి ఊపిరి తీసుకుంటోంది. ఇంక తనకి ఏమీ అక్కర్లేదు అనుకున్నాడు.

ఆ మసకలోనే చూశాడు. కార్బొరేటర్ పైమూత అంచు నుంచి పెట్రోలు పొంగి ఒంటి మీదికి జారుతోంది. ఓవెన్‌లో కాలని ఎనామిల్, పాల మీద మీగడలా ముడతలు పడి, బంగారు బొట్లుగా నేల మీద పడుతోంది.

"చెప్పినా కదా సార్!" అని మోసెస్ ఇంజను హోరు మీద అరిచాడు.

అంతకన్నా గట్టిగా ఇంకో కేక వినబడింది.

"ఆపు! ఆపమంటా ఉండా! నా బొమ్మ పాడైపోతా ఉండాది!"

మోసెస్ టక్కున ఆపేశాడు. వాసవాంబ జనాన్ని తోసుకొచ్చి, నేల మీద కూర్చుని, పండక్కి కట్టిన కొత్త పట్టుచీర కొంగుతో కార్బొరేటర్‌ని ఒత్తి ఒత్తి తుడుస్తోంది. కొంగంతా బంగారు రంగయింది. ఆవిడ చూసుకోనే లేదు.

"విప్పు మోసెస్. ఇప్పుడే విప్పి ఇయ్యి."

"అమ్మా, మరి బండి?" అని రామసామి తాడు పట్టుకుని అడిగాడు.

"స్టార్ట్ అయిందా లేదా? చెవులారా విన్నావా లేదా? ఒట్టు తీరిపోయింది. సుండల్ తినేసి పో అన్నా."

ఏకాంబరం భార్య పక్కన చతికిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఆ ఇంజను శబ్దం కోసం ఎదురుచూశాడు. ఇప్పుడది ఆగిపోయింది, ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. వాసవాంబ ముడత పడ్డ రంగుని గోటితో నెమ్మదిగా ఎత్తి చూస్తోంది.

"ఈడ ఎరుపు అంచు తేవడానికి ఎన్ని ఆదివారాలు కూచున్నారు మీరు" అంది.

"నువ్వు చూశావా?"

"తలుపు వెనక నిలబడేదానికి మీకొక్కరికే వచ్చునా?" ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ముక్కు మీద బంగారు రంగు అంటుకుంది. "మళ్ళీ గీకి వేయండి. ఈ తడవ ఓవెన్‌లో పెట్టండి, నేనేం అనను. వచ్చే ఏడు కొలువుకి ఆ సైలెన్సరు కూడా కావాల. మురుకుల డబ్బా మాత్రం ముట్టుకున్నారో..."

ఏకాంబరం అలాగే అన్నట్టు తలూపి, జేబురుమాలు తీసి ఆవిడ ముక్కు మీది రంగు తుడవబోయాడు. రంగు అప్పటికే ఆరిపోయింది.